పట్టు మెత్త వైద్యం

ముఖం మీద మంట, ఎర్రదద్దులు, మొటిమలతో బాధపడేవారికి శుభవార్త. జబ్బు ముఖంలో లేదట, మెత్త (దిండు) గలీబులో ఉందట; పట్టు గలీబు తొడిగితే పోతుందట. హనుమకొండ చౌరస్తాలో ఓ బట్టల దుకాణం కనిపెట్టిన సత్యమిది.

చెంపలు కందిపోయిన మా వదినను తీసుకుని వెళ్లాం. సేల్స్‌మన్ ఓ మెరిసే గలీబు పరిచి, "ఒరిజినల్ పట్టు మేడం, జర చెంపకు ఆనిచ్చి చూడుర్రి" అన్నాడు. వదిన ఆనించింది. అన్నయ్య ఆనించాడు. పెళ్లి బట్టలకొచ్చిన ఓ పెద్దమ్మ రెండు చెంపలూ ఆనించి, మనవడి చెంప కూడా ఆనించింది. ఇన్ని చెంపలు చూసిన ఆ గలీబునే మడతపెట్టి, "స్కిన్‌కు నీట్‌నెస్ ముఖ్యం మేడం" అంటూ కవర్లో వేశాడు.

ఓ పోగు కాల్చి చూద్దామా అన్నాను. పట్టయితే కాలిన వెంట్రుకల వాసన వస్తుంది, నలిపితే పొడవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి ఉండ కడుతుంది. "బోణీ టైమ్‌ల నిప్పు ముచ్చటెందుకన్నా!" అన్నాడు. కుట్టు లోపలి చీటీ మీద నూరు శాతం పాలిస్టర్ అని వాళ్లే అచ్చేశారు పాపం.

నునుపు బట్టకు రాపిడి తక్కువ, కాదనను. కానీ పాలిస్టర్ చెమట పీల్చదు. మే నెలలో కరెంటు పోయిన రాత్రి దాని మీద చెంప పెట్టి చూడండి, తెలుస్తుంది. మెత్తటి నూలు గలీబు చాలు. వారానికి ఒకటి రెండుసార్లు ఉతికి, సబ్బంతా పోయేలా జాడించాలి. ఘుమఘుమల లిక్విడ్ పోయకూడదు. తలకు నూనె పట్టించి పడుకుంటే అది గలీబుకూ, అక్కడి నుంచి చెంపకూ ఎక్కుతుంది. పైసా ఖర్చులేని వైద్యం కాబట్టి ఎవరూ చెప్పరు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి బండ్లు బారులు తీరే ఊళ్లో, 1934లో ఆజంజాహి బట్టల మిల్లు పెట్టిన ఊళ్లో, నూలు గలీబు అడిగితే "అది ఓల్డ్ మోడల్" అన్నాడు!

అసలు వదిన ముఖం ఎందుకు మండుతోందో తెలుసా? మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చిన 'తెల్లబడే' క్రీమ్. అందులో ఉన్నది స్టెరాయిడ్. మొదట ముఖం నిగనిగలాడుతుంది. తర్వాత చర్మం పలచబడి, సన్నటి ఎర్రగీతలు తేలతాయి. మానేస్తే మంట, మళ్లీ రాస్తే ఉపశమనం, మళ్లీ మంట. ఆ ట్యూబ్ చేత్తో పట్టుకుని చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి గానీ గలీబుల దుకాణానికి కాదు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ రాసిన చీటీ లేకుండా అమ్మడం నేరం. అయినా చాక్లెట్లు అమ్మినట్టు అమ్ముతున్నారు. నల్లగా పుట్టడమే తప్పన్నట్టు ఆడపిల్లల ముఖాలు కాల్చి గల్లా నింపుకుంటున్నారు, సిగ్గులేని వెధవలు! అడిగితే "చీటీ ఎవరడుగుతున్నరన్నా" అంటారు.

నేనడుగుతున్నా. చీటీ ఏదిరా?