మహారాజశ్రీ హరికేన్ లాంతరు గారి సముఖానికి

అమలాపురం దగ్గర కాలవ గట్టున ఫోటో స్టూడియో నడుపుకునే తమరి సేవకుడు నమస్కరించి వ్రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమేనని నిన్న డెలివరీ ఇచ్చిన ఆల్బంలో చూసి తెలుసుకున్నాను. 36 పేజీల్లో తమరు 19 చోట్ల ఉన్నారు. పెళ్ళికొడుకు 17 చోట్లే. ఆయ్.

తమరి వైభోగం చూస్తుంటే కళ్ళు చెమరుస్తున్నాయండి. పాతికేళ్ళు అటక మీద, చిల్లు పడ్డ బిందెకీ తాతగారి విరిగిన వాలుకుర్చీకీ మధ్య పడి ఉన్నారు. ఎలుకలు తప్ప పలకరించిన పాపాన పోలేదెవరూ. ఇప్పుడో, తమరు ఖాళీగా ఉన్న రోజు చూసుకుని మరీ షూట్లు పెట్టుకుంటున్నారు జనం. సంస్కృతి అన్నా తమరే, చరిత్ర అన్నా తమరే, ఎమోషన్ అన్నా తమరే. మా రేటు కార్డులో ఆ మూడూ మూడు ప్యాకేజీలు లెండి. సంస్కృతికి మిమ్మల్ని పట్టుచీర కట్టిన అమ్మాయి చేతికిస్తాం. చరిత్రకి ఎద్దుబండి కింద వేలాడదీస్తాం. ఎమోషన్‌కి నేల మీద పక్కకి పడేస్తాం. మూడింటికీ పొగ ఒకటే.

మొన్నటి 'పల్లె ప్రేమ' థీమ్ తమరికి గుర్తుండే ఉంటుంది. మిట్టమధ్యాహ్నం, వరిచేను గట్టు. లాంతరు వెలుగుతూ కనబడాలి అన్నారు పెళ్ళివారు. వెలుతురు రంగుని కొలిచే కెల్విన్ల లెక్కలో మీ వత్తి మంట 1,900 దగ్గర, నెత్తిన సూర్యుడు 5,500. రంగు మాట అటుంచి, ఆ ఎండలో మిమ్మల్ని వెలిగించినా ఆర్పినా కెమెరాకి ఒకటే. అందుకని బర్నర్ పీకేసి, బ్యాటరీ మీద వెలిగే పసుపు ఎల్‌ఈడీ పెట్టాం. తర్వాత కంప్యూటర్లో పగలుని రాత్రి చేశాం. గుండె మార్చేముందు తమరి సంతకం తీసుకోవాల్సింది. హడావిడిలో మర్చిపోయాం, మన్నించాలి.

అబ్బాయికి పంచె కట్టి, తలపాగా చుట్టి, భుజాన కావడి పెట్టాం. ఒక కొసకి బిందె, రెండో కొసకి తమరు. అతను బెంగుళూరులో ఉద్యోగం చేసుకునే పిల్లాడు, పాపం, జిమ్ములో బరువెత్తే అలవాటు కొద్దీ దాన్ని మెడ వెనకాల అడ్డంగా పెట్టుకుని రెండు చేతులూ పైకి వేశాడు. పక్క చేలో గట్టు అంచులు చెక్కుతున్న ముసలాయన కాసేపు చూశాడు. చూసి, "బాబూ, ఒక భుజం మీద ముందుకీ వెనక్కీ ఉంటే దాన్ని కావడి అంటారండి. అలా మెడ మీద అడ్డంగా ఉంటే కాడి అంటారు. అది ఎద్దుకండి" అన్నాడు. మా అసిస్టెంటు రిఫ్లెక్టర్ దించకుండానే, "తాతగారూ, ఫ్రేములోకొస్తున్నారు, కొంచెం అవతలికి జరగండి" అన్నాడు. ఆయన జరిగాడు. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది.

నేనేదో ఈ విద్యని ఎటకారం చేస్తున్నాననుకోకండి. దీని మీదేగా అన్నం తింటున్నాను. మా నాన్నగారూ తీసినవి ఇవే. ఆయన స్టూడియోలో తాజ్‌మహల్ తెర ఒకటి, అట్టతో చేసిన చందమామ ఒకటి, ఊరి పిల్లలందరినీ కృష్ణుణ్ణి చేసిన పిల్లనగ్రోవి ఒకటి ఉండేవి. ఇక పూలజడ ఫోటో. పిల్ల వెనకాల నిలువుటద్దం పెట్టి, ఎదర ముఖం, అద్దంలో జడ, రెండూ ఒకే ఫోటోలో పడాలి. అద్దంలో మాత్రం కెమెరా పడకూడదు, లైటు పడకూడదు, తన మోచెయ్యి పడకూడదు. ఆ కోణం కుదిరేసరికి అరగంట. అంత అవస్థ ఎందుకంటే, పొద్దున్నించీ కూర్చుని ఆ జడ కుట్టిన మేనత్త బయట అరుగు మీద కాచుక్కూర్చుని ఉండేది మరి. దాన్ని కాన్సెప్ట్ అంటారనీ, విడిగా డబ్బులు తీసుకోవచ్చనీ ఆయనకి పోయేదాకా తెలీదు.

అసలు ఫోటో పుట్టిన మరుసటేడే ఈ వేషాలూ పుట్టాయి. 1839లో ఫ్రాన్సు ప్రభుత్వం, ఫోటో తీసే పద్ధతి కనిపెట్టాడని డాగేర్ అనే ఆయన్ని అందలం ఎక్కించి పింఛను ఇచ్చింది. అదే రోజుల్లో సొంతంగా ఇంకో పద్ధతి కనిపెట్టిన హిప్పొలిట్ బయార్‌ని పెద్దగా పట్టించుకోలేదు. 1840లో ఆయన చొక్కా తీసేసి, కళ్ళు మూసుకుని, నీళ్ళలో దూకి చచ్చినవాడిలా ఒరిగి కూర్చుని తన ఫోటో తానే తీసుకున్నాడు. ప్రాపర్టీ అంటే పక్కనో గడ్డి టోపీ, అలాంటివే ఒకటీ అరా. ఫోటో వెనకాల, మీరు చూస్తున్న ఈ శవం బయార్‌ది, సర్కారు వేరేవాడికి అంతా ఇచ్చి ఇతనికేమీ ఇవ్వకపోతే నీళ్ళలో పడ్డాడు అన్న అర్థం వచ్చేలా రాసుకున్నాడు. ముఖమూ చేతులూ ఎండకి నల్లబడి ఉంటే, కుళ్ళుతున్నాయి చూసుకోండి అని అదీ కలిపాడు. మా వైపు పుట్టాల్సిన మనిషి. ఆయనకి లాంతరు లేదు, పొగ లేదు. కడుపుమంట ఉంది.

మీ దగ్గరా ఒక కథ ఉంది. ఏ ప్యాకేజీలోనూ పడలేదది. 1996 నవంబరు 6 రాత్రి. మిమ్మల్ని వంటింటి దూలానికి కట్టి, వత్తి బాగా తగ్గించి, అమ్మ మా ముగ్గురి తలలూ మళ్ళీ మళ్ళీ తడుముకుంటూ కూర్చుంది. దూలం కదిలినప్పుడల్లా గోడ మీద మా నీడలు ఇంతై అంతయ్యేవి. నాన్న నెగెటివుల డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉన్నారు. వెయ్యి మందికి పైగా పొట్టన పెట్టుకున్న తుఫాను. తెల్లారాక చూస్తే మా తోటలో నిలబడ్డ కొబ్బరిచెట్టు లేదు. ఆ తర్వాత కరెంటు లేని రాత్రులన్నీ మీవే. నాన్న సైకిలేసుకుని ఊరూరా తిరిగి, పరిహారం దరఖాస్తుల కోసం, కూలిన ఇళ్ళ ముందు మనుషుల్ని నిలబెట్టి ఫోటోలు తీశారు. ఎవర్నీ బాధగా చూడమని చెప్పలేదు. ఒకావిడ మాత్రం, "ఉండు బాబూ" అని, పక్కింటావిడ దగ్గర దువ్వెన తెచ్చుకుని తల దువ్వుకుని వచ్చి నిలబడిందట.

సరే, పని మాటలు. వచ్చే ఆదివారం తమరికి 'వరద' థీమ్ ఖాయమైంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన గోదారిని, ఒక నీళ్ళ ట్యాంకరూ ఒక గొట్టమూ పెట్టి మనం రప్పించాలి. పడవ దొరికింది. మీరు ముక్కు దగ్గర కూర్చుంటారు. అమ్మాయి మేకప్ తడవకూడదట, మీరు తడిసినా ఫరవాలేదు. అడ్వాన్సు పుచ్చేసుకున్నాను. దాని తర్వాత పార్టీ ఇంకా గట్టివాళ్ళు. జగ్గన్నతోట ప్రభల తీర్థం కావాలట. కనుమ నాడు చేలకడ్డంపడి, కాలవలో దిగి, భుజాల మీద వచ్చే ప్రభలు, అదే, రుద్రుడి పేరిట వెదుళ్ళతో ఎత్తుగా కట్టేవి. 2023 రిపబ్లిక్ డేకి శకటమై ఢిల్లీ కూడా చూసొచ్చాయిగా, అప్పుడు టీవీలో చూశారట. అందులో ఒకటి జూన్‌లో గంటకి అద్దెకి దొరుకుతుందా అని అడిగారు. రుద్రుణ్ణి అడిగి చెప్తానన్నాను.

ఒక్క చిన్న ఇబ్బంది మాత్రం వచ్చిపడింది. మీరు డ్యూటీకి బయల్దేరే ముందు రోజు సాయంత్రం అమ్మ మిమ్మల్ని ముందేసుకుంటుంది కదా. పొయ్యిబూడిద, పాత పేపరు, ఇప్పటికీ అదే వరస. చిమ్నీలో చెయ్యి పట్టక నాలుగు వేళ్ళే దూర్చి, తిప్పి తిప్పి, దీపం వెలుగుకి ఎత్తి చూసి, మళ్ళీ తిప్పుతుంది. అద్దంలా చేసి ఇస్తుంది. షూట్ దగ్గరికి రాగానే మా అసిస్టెంటు కాటుక తీసి, దూదితో దానికి మసి పూస్తాడు. పాతదనం కొట్టొచ్చినట్టు కనబడాలి కదండీ.

నిన్న రాత్రి అమ్మకి ఆల్బం చూపించాను. అమ్మాయి బావుందంది. చీర బావుందంది. 9వ పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని, వేలు మీ మీద పెట్టింది.

"ఆ చిమ్నీ చూడరా, ఎలా మసిబారిపోయిందో. ఎవరింటిదోగాని, ఆ ఇంటి ఆడాళ్ళకి ఒళ్ళొంగదు కాబోలు."

ఇట్లు,
తమరి అద్దె తిని బతుకుతున్న
స్టూడియోవాడు