నలభై జతల కాటా గారికి

నార్సిసిస్టిక్ పర్సనాలిటీ ఇన్వెంటరీ గారికి నమస్కారం.

ఎవరిలో ఎంత 'నేనే గొప్ప' ఉందో తూచి చెప్పే మనస్తత్వ ప్రశ్నపత్రం పెద్దలు మీరు. 1979లో అమెరికాలో పుట్టారు. 1988లో రాస్కిన్, టెర్రీ అనే పరిశోధకులు మీకు 40 జతల వాక్యాలు కుదిర్చారు, జతకొకటే ఎంచుకోవాలి. అక్కడి కాలేజీ విద్యార్థుల మధ్య పెరిగిన మిమ్మల్ని తెలుగు చేసి, పోయిన దసరా సెలవుల్లో మా అమ్మాయికీ, అక్క కొడుక్కీ ఇచ్చిన తప్పు నాదే. ఇద్దరూ తొమ్మిదో తరగతి. పిల్లలకని విడిగా 10 ప్రశ్నల కొలమానం 2008లోనే వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పటికే మార్కులు పడిపోయాయి.

'నా బతుకు నాకు నచ్చినట్టు బతకగలను' అన్నచోట మావాడు చటుక్కున టిక్కు పెట్టేశాడు. మా అమ్మాయి పెన్ను కొరుకుతూ, "నాన్నా, ఇది పొగరు అడుగుతోందా, పర్మిషన్ అడుగుతోందా?" అంది. ఆరు దాటితే దాన్ని సందు చివరి కొట్టుకి కూడా పంపని ఇల్లు మాది. 'నచ్చినట్టే ఎప్పుడూ బతకలేం' అన్నదానికి టిక్కు పెట్టింది. గొప్ప చెప్పుకున్న వాక్యానికే మార్కు కాబట్టి మీరు సున్నా వేశారు. ఆ సున్నా మా ఇంటి కర్ఫ్యూదండీ, పిల్లది కాదు.

2015లో గ్రిహాల్వా అనే పరిశోధకురాలి బృందం 31 ఏళ్ల పరిశోధనలు, 4.75 లక్షల మందివి, కలిపి చూస్తే మగవాళ్ల స్కోరే కాస్త ఎక్కువట. 'అది నాకు దక్కాల్సిందే' అనే దగ్గర తేడా ఎక్కువ, తమను తాము ప్రదర్శించుకునే దగ్గర దాదాపు లేదు. అద్దం ముందు ఆడపిల్ల కనిపిస్తే చాలు తిట్టే మా మేనత్తకి ఈ ముక్క చదివి వినిపించాను. "అమెరికా అద్దాలు వేరురా" అంది.

సంతలో వంకాయలు వేయకముందే కాటా యాభై గ్రాములు చూపిస్తే, "ముందు సున్నా చెయ్యవయ్యా" అంటాం. ఒకే వాక్యం అందరికీ ఒకేలా పనిచేసిందా అని 2017లో వెట్జెల్ బృందం అలాగే సరిచూస్తే, అమెరికా విద్యార్థుల్లో అహం తరతరానికీ పెరిగిపోతోందన్న గోల నిలవలేదు. కాస్త తగ్గిందట కూడా. ఒక్క దేశంలోనే ఇంత తిరకాసు. మా దగ్గర 'నేనెవరో తెలుసా' అనరు, 'మా నాన్నెవరో తెలుసా' అంటారు. మీ నలభైలో నాన్న ఏడీ?

అన్నట్టు, 'నేను వినయవంతుణ్ణి' అనీ మావాడు టిక్కు పెట్టాడు. వాడి పుట్టినరోజుకి సెంటర్లో 'యువకిశోరం' అని పన్నెండడుగుల ఫ్లెక్సీ లేచింది కదరా అంటే, "అది నేను వేయించలేదుగా మామయ్యా" అన్నాడు. నిజమే, వేయించింది మా బావ. ఆ మార్కులు ఎవరి ఖాతాలో వేయాలో తిరుగు టపాలో రాయండి. బావ తనకూ ఒక ఫారం అడుగుతున్నాడు. నలభై జతలు చాలవేమోనట.

ఇట్లు,
సున్నా వచ్చిన పిల్ల తండ్రి