చెవిలో కెనడా పెద్దావిడ, పక్కన ఆటోనగర్ బాబాయ్

పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడిచేవాళ్లలో చాలామందికి నేను తెలుసు. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, మధ్యమధ్యలో తనలో తనే నవ్వుకుంటూ, ఒక్కోసారి "అదెలా కుదురుతుంది?" అని పైకే అనేసే బ్యాంకు ఆవిడ ఉంటుంది చూడండి, అది నేనే. మొన్న ఒకావిడ నన్ను ఆపి మరీ అడిగింది, "ఎవరి ప్రవచనమండీ, చాగంటి వారిదా?" అని. "కాదండీ, టెక్నాలజీ వచ్చి మన బతుకుల్ని ఎలా మారుస్తుందో ఒక ప్రొఫెసర్ గారు చెబుతున్నారు" అన్నాను. ఆవిడ నా వంక జాలిగా చూసి, "పొద్దున్నే ఎందుకండీ ఆ టెన్షన్లు" అని ముందుకెళ్లిపోయింది.

ఆ మాట రెండు రోజులు నన్ను వదల్లేదు. అందుకే ఈ పోస్టు. కాస్త పెద్దదే, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

రెండేళ్ల కిందట షుగర్ బయటపడింది. రోజూ ముప్పావుగంట నడవమన్నారు డాక్టరు గారు. మాది కృష్ణలంక. స్కూటీ ఘాట్ దగ్గర పెట్టేసి బ్యారేజీ ఎక్కుతాను. దాని పొడవు 1,223 మీటర్లు. సీతానగరం వైపు చివరిదాకా వెళ్లి వెనక్కి, మళ్లీ సగందాకా వెళ్లి వెనక్కి, లెక్క సరిపోతుంది. మొదట్లో పాటలు వినేదాన్ని. నెలకే మొహం మొత్తింది. మా వాడు బీటెక్‌లో ఏదో ఎలెక్టివ్ కోసమని ఫోన్లో యూనివర్సిటీ ప్రసంగాలు దింపుకున్నాడు. వాడు ఒక్కటీ వినలేదు. నేను పట్టుకున్నాను, ఇక వదల్లేదు.

చేతికి వాచీ కూడా వాడే కట్టాడు. రోజుకి 10,000 అడుగులు నడిస్తే అది గుర్రుమని వణికి మెచ్చుకుంటుంది. ఆ పదివేలు ఏ వైద్యుడో కొలిచి తేల్చిన లెక్కనుకునేదాన్ని. కాదట. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముతూ దానికి మాన్పో-కెయ్ అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. అంటే అరవై ఏళ్ల కిందటి ఒక వ్యాపారి పెట్టిన పేరు కోసం నేను రాత్రి పదింటికి హాల్లో సోఫాకీ ఫ్రిజ్జుకీ మధ్య తిరుగుతున్నానన్నమాట. తెలిశాక కూడా తిరుగుతున్నాను, అది వేరే సంగతి.

ముందు ఈ ప్రసంగాల మీద నా కోపం తీర్చుకోనివ్వండి. మొదటి పది నిమిషాలూ వక్త గారి పరిచయమే. ఏ అవార్డు, ఏ కుర్చీ, ఎన్ని పుస్తకాలు. అంతసేపట్లో నేను ముప్ఫై గేట్లు దాటేస్తాను. తర్వాత అసలు విషయం మంచి రసపట్టులో పడేసరికి "ఈ గ్రాఫ్ చూడండి, అంతా ఇందులోనే ఉంది" అంటారు. నా ఎదురుగా కనిపించేది కృష్ణా నది, అవతల ఇంద్రకీలాద్రి. గ్రాఫ్ ఎక్కడినుంచి తేను? చివర్లో ప్రశ్నలు అడిగేవాళ్లకి మైకు ఉండదు. నిమిషంన్నర నిశ్శబ్దం, ఆ తర్వాత "చాలా మంచి ప్రశ్న" అని వక్త గారి గొంతు. ఆ మంచి ప్రశ్న ఏమిటో భగవంతుడికే తెలియాలి. నేనూ తక్కువ తిన్లేదు లెండి. ఒకటిన్నర స్పీడులో పెట్టి వింటాను. ముప్పై ఏళ్లు చదివి చెప్పిన మాటల్ని టిఫిన్ టైముకి అయిపోవాలని తరుముతాను.

ఆ స్పీడు తగ్గించిన మనిషి ఉర్సులా ఫ్రాంక్లిన్. జర్మనీలో పుట్టి, నాజీల లేబర్ క్యాంపులోంచి బతికి బయటపడి, 1949లో కెనడా చేరిన మెటలర్జిస్టు, అంటే లోహాల శాస్త్రవేత్త. టొరంటో యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు. 1989లో అక్కడి రేడియోలో టెక్నాలజీ మీద ఆరు ప్రసంగాలు చేశారు. రేడియో కాబట్టి గ్రాఫులు లేవు. మన వీధిలో రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ మాట్లాడినట్టు నిదానంగా, గట్టిగా ఉంటుంది ఆ గొంతు. ఆవిడ చెప్పే మూల విషయం ఒకటుంది. పని చేసే పద్ధతులు రెండు రకాలు. కుండ చేసే మనిషి మట్టి తొక్కడం దగ్గర్నుంచి ఆఖరిదాకా తనే చూసుకుంటాడు, ఎక్కడ ఏం చెయ్యాలో తనే నిర్ణయించుకుంటాడు. రెండో పద్ధతిలో పనిని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కొక్కరికి ఇస్తారు. ఎవరి ముక్క వాళ్లు చెప్పినట్టు చెయ్యాలి, అంతే. ఆవిడ దీన్ని కంప్యూటర్ల దగ్గర మొదలుపెట్టలేదు. మూడు వేల ఏళ్లు దాటిన చైనా కంచు పాత్రల్ని చూసి పట్టుకున్నారు. అంత పెద్ద పోత పని అంతమంది చేత చేయించాలంటే చెప్పినట్టు వినే అలవాటు ముందు ఉండాలి. అలాంటి పద్ధతులు ఎక్కువైన కొద్దీ సమాజానికే ఆ అలవాటు ఒంటబడుతుంది అంటారావిడ.

ఇది వింటూ ఆ రోజు నడక మరిచిపోయి నిలబడిపోయాను. వెనకే వస్తున్న మా కింద పోర్షన్ బాబాయ్ గారు "ఏమ్మా, కాలు బెణికిందా?" అని కంగారుపడ్డారు. ఆయన ఆటోనగర్‌లో నలభై ఏళ్లు లారీ ఇంజిన్లు విప్పి కట్టినాయన. పిన్ని గారు మోకాళ్ల నొప్పులతో నెమ్మదిగా వస్తున్నారు కాబట్టి ఆవిడ అందేలోపు ఈయనకి చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిస్తే మాట రాదు. ఫ్రాంక్లిన్ గారు వాడిన ఇంగ్లీషు మాటకి తెలుగేది? "నిర్దేశిత సాంకేతికత" అంటే బాబాయ్ గారు పారిపోతారు. తడుముకుంటూ ఏదో చెప్పాను.

ఆయన సగంలోనే అందుకున్నారు. "అంటే తెలిసి చేసే పని ఒకటి, చెప్పింది చేసే పని ఒకటి. అంతేగా?"

అంతే. నేను పావుగంట వెతుకుతున్న మాటలు అవే.

"ఇందులో వింతేముందమ్మాయ్," అన్నారు. "మా షెడ్డు గేట్లోకి లారీ వస్తుంటేనే చెప్పేవాణ్ణి, నాజిల్ కొట్టేసిందా, వాల్వు కాలిందా అని. శబ్దం చెబుతుంది. ఇప్పుడు కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలిస్తాడు, అందులో కోడ్ వస్తుంది, కోడ్ ఏ పార్టు చెబితే ఆ పార్టు మార్చేస్తాడు. బండి బాగైతే కంప్యూటర్ గొప్ప. బాగవకపోతే కుర్రాడి తప్పు."

నాలుగు అడుగులు వేసి మళ్లీ ఆగారు. "కానీ ఆవిడకి ఒక మాట చెప్పు. మా మేస్త్రి కింద రెండేళ్లు నేను స్పానర్లు అందించాను, డీజిల్లో పార్టులు కడిగాను. నాకూ అప్పుడు చెప్పిందే చెయ్యడం. కానీ పక్కనే నిలబడి చూసేవాణ్ణి, ఎప్పటికైనా ఇంజిన్ నా చేతికొస్తుందని తెలుసు. ఈ కుర్రాడు ఎన్నేళ్లు చేసినా ఆ ల్యాప్‌టాప్ లోపల ఏముందో వాడికి ఎవరూ చూపించరు. తేడా అక్కడుంది."

"ఆవిడ 2016లోనే పోయారు బాబాయ్ గారూ."

"అయ్యో" అన్నారు. తర్వాతి గేటు దాకా మాట్లాడలేదు.

ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ తేడానే. నేను విన్న ప్రసంగాల్లో ఫ్రాంక్లిన్ గారిని ఆ మాట అడిగినవాళ్లు ఎవరూ నాకు తగల్లేదు. అడిగే మనిషి ఆటోనగర్‌లో ఉన్నాడు, ప్రసంగం ఇంగ్లీషులో ఉంది.

పిన్ని గారి సంగతీ అంతే. అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఇంటి యంత్రాల మీద ఒక పుస్తకం రాశారు. ఇంట్లోకి మిషన్లు వచ్చినా గృహిణికి పని గంటలు తగ్గలేదు అని ఆవిడ వాదన. కట్టెలు కొట్టే మగవాళ్లకి, నీళ్లు మోసే పిల్లలకి, పనివాళ్లకి పని తగ్గింది. వాళ్లు వదిలేసినవి కూడా అమ్మ నెత్తిన పడ్డాయి, పైగా శుభ్రం అనేదాని కొలత పెరిగింది. ఇది చెబితే పిన్ని గారు నవ్వారు. "మాకు చాకలి ఆవిడ వచ్చేది. పద్దు రాసుకుని మూట కట్టుకుపోయేది. బట్టలు ఉతకడం అనేది నా ఇంట్లో పనే కాదు. మిషన్ కొన్నాక నా పనైంది. ఇదివరకు మీ బాబాయ్ ఒకే ప్యాంటు వారం వేసుకునేవారు. ఇప్పుడు మనవడు గంటసేపు వేసుకున్న టీషర్టు కూడా మిషన్ మీద పడేస్తాడు." పుస్తకం మొత్తం రెండు నిమిషాల్లో అయిపోయింది. మరి ఆ చాకలి ఆవిడ ఏమైందని అడిగాను. పిన్ని గారు కాసేపు ఆలోచించి, "కొడుకు ఇస్త్రీ బండి పెట్టాడు. ఆవిడ సంగతి తెలీదమ్మా" అన్నారు. అమెరికా పుస్తకాల్లో దొరకని చరిత్ర అది, మన దగ్గర కూడా రాసి పెట్టినవాళ్లు తక్కువే.

లాంగ్డన్ విన్నర్ అనే ఆయన 1980లో ఒక ప్రశ్న వేశారు, వస్తువులకి రాజకీయాలుంటాయా అని. న్యూయార్క్ దగ్గర బీచ్‌కి వెళ్లే రోడ్ల మీద వంతెనలు బస్సులు పట్టనంత కిందకి కట్టించారని, బస్సుల్లో తిరిగే పేదలూ నల్లజాతివాళ్లూ అటు రాకుండా ఉండటానికేనని ఆయన చూపిన ఉదాహరణ. తర్వాత 1999లో ఇంకొకాయన, కథ అంత సూటిగా లేదని పాయింట్ల వారీగా తిప్పికొట్టారు. అది విన్న రోజు నేను మా కృష్ణలంక రిటైనింగ్ వాల్ పక్కనుంచే ఇంటికొచ్చాను. ఆ గోడకి రాజకీయం ఉందా అని మమ్మల్ని అడగాలా? ఎవరు కట్టారనే గొడవ గోడ కంటే పొడుగు. 2024 సెప్టెంబరులో నది ఆ గోడకి ఆనుకుని నిలబడితే మేం ఇవతల పొడిగా పడుకున్నాం. అదే సమయంలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. అక్కడి మా ఆడపడుచు వాళ్లు మేడ మీద నాలుగు రోజులు ఉన్నారు. డ్రోన్లతో ఆహారం పంచారని టీవీల్లో మనమంతా మురిసిపోయి చూశాం. పంచిన మాట నిజమే. వాళ్ల సందులోకి మాత్రం పాల ప్యాకెట్లు తెచ్చింది లారీ ట్యూబు మీద ఈదుకుంటూ వచ్చిన పక్కింటి కుర్రాడు.

ఆ వరదలోనే బ్యారేజీ కింద నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి, దాని చరిత్రలో అంత నీరు ఎప్పుడూ రాలేదు. పెద్ద పడవలు కొట్టుకొచ్చి గుద్దితే కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లకి సమతూకంగా ఉండే బరువు దిమ్మలు, పగిలాయి. బాగుచేయించడానికి ఎవరొచ్చారో గుర్తుందా? కన్నయ్యనాయుడు గారు. వయసు మీదపడిన గేట్ల నిపుణుడు. అంతకు నెల ముందే తుంగభద్ర డ్యాములో కొట్టుకుపోయిన 19వ గేటు చోట నీటిని ఆపిందీ ఆయనే. బ్రిటన్‌లో డేవిడ్ ఎడ్జర్టన్ అనే చరిత్రకారుడు ఎప్పటినుంచో మొత్తుకుంటున్నది ఇదే. కొత్తగా ఏం కనిపెట్టారని కాదు, జనం ఏం వాడుతున్నారు, దాన్ని బాగుచేసేది ఎవరు అన్నది చూడండి అని. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యం అంటే మనకి ట్యాంకులే గుర్తొస్తాయి, వాళ్లు నడిపింది లక్షల గుర్రాలతో కూడా అంటారాయన. నేను రోజూ నడిచే ఈ బ్యారేజీ 1957 నాటిది. దానికి ముందున్న ఆనకట్ట 1855 నాటిది, 1952లో దానికి గండిపడితే ఇది కట్టారు. మన బియ్యం ఈ పాత టెక్నాలజీ మీదే వస్తోంది. మన సెమినార్లలో మాత్రం ఎప్పుడు చూసినా ఏఐ.

బియ్యం అంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ కిందటి నెల ఒక రోజు ముందుగా వచ్చి చెప్పింది: "అమ్మా, రేపు గిన్నెలు మీరు తోముకోండి. రేషన్‌కి వెళ్లాలి, వేళ్లు మెత్తబడాలి." డీలర్ దగ్గర వేలిముద్రలు తీసుకునే ఈపాస్ మిషన్ మీద పది వేళ్లూ పెట్టిందట, ఒక్కటీ పడలేదట. ఇరవై ఏళ్లు మా గిన్నెల పీచు మీద అరిగిపోయిన వేళ్లు అవి. రాత్రి కొబ్బరినూనె రాసుకుని పడుకుంది. మర్నాడు ఎడమ చేతి ఉంగరం వేలు పడింది. "నేనే నేనని ఒప్పుకుందమ్మా మిషన్" అని నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. ఆధార్ మీద సుప్రీంకోర్టు 2018 తీర్పు గురించి నేను గంటన్నర ప్రసంగం విన్నాను. మంచి ప్రసంగమే. అందులో పీచు లేదు, నూనె లేదు.

తెలుగులో ఇవన్నీ చెబితే ఎవరు వింటారని మా బ్యాంకులో ఒకాయన అన్నారు. ఎందుకు వినరండీ? గంటలకొద్దీ అవధానాలు విన్న జాతి మనది. విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. మా తాతయ్య ఉయ్యూరు దగ్గర పల్లెలో రైతుల కార్యక్రమం విని, యూరియా ఎప్పుడు చల్లాలో, కొత్త వంగడం వెయ్యాలో వద్దో అరుగు మీద వాదించేవాడు. ఆయన చదివింది మూడో తరగతి. అది టెక్నాలజీ మీద ప్రసంగం కాకపోతే మరేమిటి? ఇప్పుడు మన కాలేజీల సెమినార్లు చూడండి. బొకేలు, శాలువాలు, జ్యోతి ప్రజ్వలన, ఇంగ్లీషు టైటిలున్న ఫ్లెక్సీ. మాట్లాడినదాన్ని రికార్డు చేసి పెట్టరు. పెట్టినా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఒక్క లెక్చరర్ గారు ఫోన్ దగ్గర పెట్టుకుని అరగంట తెలుగులో ఈపాస్ మిషన్ గురించి చెబితే చాలు, నేను మామూలు స్పీడులోనే వింటాను, ఒట్టు.

నిన్న ఒక ఇయర్‌ఫోన్ తీసి బాబాయ్ గారి చెవిలో పెట్టాను. రెండు నిమిషాలు విని తిరిగిచ్చేశారు. "గొంతు బాగుందమ్మాయ్. నాకెందుకు ఆ ఇంగ్లీషు, నువ్వు విని చెప్పు. పరిగెత్తించకు, నేను మధ్యలో ఆపుతుంటాను."

ఫ్రాంక్లిన్ గారి ఆరింటిలో రెండయ్యాయి. రేపు మూడోది. పిన్ని గారికి నిలబడి వినడం కష్టమని ఘాట్ మెట్ల మీద కూర్చుందామన్నారు. నా వాచీ ఒప్పుకోదు, చూడాలి.