కచ్చితంగా చేయాలా? సరే. సరే. సరే.

‘మంచి యాప్‌కు ఐదు బంగారు సూత్రాలు’ అనే మెసేజ్ ఈ వారం నాలుగో గ్రూపులోంచి వచ్చింది. పంపుతున్నవాళ్లలో యాప్‌లు తయారుచేసేవాళ్లే ఎక్కువ, బాధంతా అదే. ఇంకొకరైతే చదివి మర్చిపోతారు, వీళ్లు సోమవారం ఆఫీసుకెళ్లి అమలు చేస్తారు.

మొదటిది, ఏ పేజీకైనా మూడు క్లిక్కుల్లో చేరాలట. అక్కర్లేదు. నొక్కితే ఏమొస్తుందో తెలుస్తుంటే జనం ఆరుసార్లైనా నొక్కుతారు, తెలియకపోతే రెండోదానికే వెనక్కి పోతారు. మూడు లెక్క కోసం ముప్ఫై లింకుల్ని ఒకే స్క్రీన్‌లో కుక్కితే క్లిక్కులు తగ్గి వెతుకులాట పెరుగుతుంది.

రెండోది, బుర్రలో ఏడే నిలుస్తాయి కాబట్టి మెనూలో ఏడే ఉండాలి. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో చెప్పిన ఏడు, విన్నవాటిని తిరిగి అప్పజెప్పడం గురించి. మెనూ కళ్లముందే ఉంటుంది, దాన్నెవరూ బట్టీ పట్టరు. టిఫిన్ల బోర్డు మీద ఎనిమిదో పేరు చూసి ఎవరైనా లేచి వెళ్లిపోయారా?

మూడోది, ఫారంలో నింపే పెట్టెల పైన పేర్లు తీసేసి లోపలే లేత బూడిదరంగులో రాస్తే నీట్‌గా ఉంటుందట. ఉంటుంది, ఫారం ఖాళీగా ఉన్నంతసేపు. టైపు మొదలెట్టగానే ఆ మాట మాయం. అడిగింది ఇంటిపేరా, పూర్తి పేరా అని చూసుకోవాలంటే రాసింది చెరపాలి. లేత అక్షరాలు చూసి ముందే నింపి ఉందనుకుని వదిలేసేవాళ్లూ ఉంటారు. తెల్లటి నేపథ్యం మీద #999999 అనే కోడున్న బూడిదరంగు కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా, 2.85. మామూలు సైజు అక్షరాలకు డబ్ల్యూసీఏజీ (వెబ్ అందరికీ అందేలా ఉండాలని పెట్టిన ప్రమాణాలు) అడిగేది కనీసం 4.5. #767676 అయితే బొటాబొటిగా గట్టెక్కుతుంది. పేరు పెట్టె పైన, ‘ఉదా: 15-08-1990’ లాంటి నమూనా పెట్టె కింద, రెండూ ఎప్పుడూ కనిపిస్తూ ఉండాలి.

ఇక నాలుగోది: ‘ముఖ్యమైన ప్రతి పనికీ కచ్చితంగా చేయాలా అని అడగండి, తప్పులు జరగవు.’ ఐదింటిలో నిజంగా చెరుపు చేసేది ఇదే. రోజుకు ఇరవైసార్లు అదే ప్రశ్న వేసి ఇరవైసార్లూ ‘సరే’ అనిపించుకుంటే, ఇరవై ఒకటోసారి జవాబు బొటనవేలే ఇచ్చేస్తుంది. పైగా తప్పు ఫైలు ఎంచుకున్నవాడు అదే సరైనదనుకుంటున్నాడు. అడిగితే కచ్చితమనే అంటాడు మరి!

2018 జనవరి 13న హవాయిలో జరగని క్షిపణి దాడి గురించి జనం ఫోన్లకు హెచ్చరిక వెళ్లింది. పంపేముందు సాఫ్ట్‌వేర్ అడిగింది, పంపాలా అని. ఉద్యోగి అవునన్నాడు. అది ఉత్తుత్తి కసరత్తని (డ్రిల్) తెలియక నిజం దాడే అనుకున్నానని తర్వాత చెప్పాడు. కసరత్తుకైనా నిజానికైనా ఆ ప్రశ్న ఒకే మాటల్లో ఉండేది. పొరపాటైతే పంపాల్సిన సవరణ సందేశం మాత్రం సిద్ధంగా లేదు. అది వెళ్లేసరికి 38 నిమిషాలు పట్టింది. బంగారు సూత్రం తు.చ. తప్పకుండా పాటించారు, ఏం లోటు చేశారు పాపం.

కావలసింది వెనక్కి తీసుకునే వీలు. డిలీట్ కొట్టినదాన్ని 30 రోజులు ట్రాష్‌లో ఉంచండి, స్క్రీన్ అడుగున కొన్ని సెకన్లు ‘వెనక్కి తీసుకో’ చూపండి. పంపమని నొక్కాక కూడా జీమెయిల్ ఆ మెయిల్‌ను 5 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచేది ఇందుకే. డబ్బులా వెనక్కి రానిదైతేనే ఆపి అడగండి, అదీ వివరం చెప్పి: ‘మీ ఖాతా నుంచి రూ. 4,500 ఫలానా పేరుకు వెళ్తుంది.’ బటన్ల మీద ‘అవును’, ‘కాదు’ బదులు ‘రూ. 4,500 పంపు’, ‘పంపొద్దు’. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అయినా ‘పిన్ కొడితే డబ్బు మీకొస్తుంది’ అన్న మోసగాడి కలెక్ట్ రిక్వెస్ట్‌కు, అంటే ‘నాకింత పంపు’ అని అవతలివాడు పెట్టే అభ్యర్థనకు, పిన్ కొట్టి జనం డబ్బు పోగొట్టుకున్నారు. పిన్‌ను మించిన ‘కచ్చితమేనా’ ఇంకేముంది? చివరికి వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్ట్‌లనే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్ 1 నుంచి ఆపేయించింది.

ఐదోది, తెలుగు ఇంటర్‌ఫేస్ దండగ, పెట్టినా జనం ఇంగ్లిష్‌కే మార్చుకుంటారు. దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నా గానీ, నిజమే, మార్చుకుంటారు. ఎందుకు మార్చుకోరు? ‘ఆర్డర్ రద్దు చేయాలా?’ అని అడిగి కింద ‘రద్దు’, ‘సరే’ పెడితే ఏది నొక్కాలి? డౌన్‌లోడ్ తెలిసినవాడికి ‘దిగుమతి’ అంటే ఓడరేవు గుర్తొస్తుంది. ఖాళీలో ఏ పేరొచ్చినా ‘కు’ అతికిస్తే ‘లక్ష్మి కు పంపబడింది’ అవుతుంది. విభక్తి జోలికి పోకుండా ‘ఎవరికి: లక్ష్మి’ అని రాస్తే ఆ గొడవే లేదు. ఇంగ్లిష్ కొలతకు ఎత్తు బిగించిన బటన్లలో కింది వత్తులు తెగిపోతాయి. ఎత్తు బిగించకండి, లైన్ ఎత్తు అక్షరం సైజుకు కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. పరీక్షించడానికి ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ చాలు, ఫోన్లో అక్షరాల సైజు గరిష్ఠానికి పెంచి చూడండి.