కుర్చీలో ఉన్న మనిషికి చెప్పారా?

కిడ్నీలు పనిచేయక డయాలిసిస్ మీద ఉన్నవారిలో చాలామంది వారానికి మూడు రోజులు డయాలిసిస్ సెంటర్‌కు వెళ్లి, ఒక్కో విడత దాదాపు నాలుగు గంటలు ఆ కుర్చీలో గడుపుతారు. రక్తాన్ని శుభ్రం చేయడానికి మెషీన్‌లో పారే డయాలిసేట్ ద్రవం ఎంత వెచ్చగా ఉండాలి, అందులో సోడియం ఎంత, విడత నాలుగు గంటలే ఎందుకు, ఇంకాస్త ఎక్కువ ఎందుకు కాకూడదు? ఇవేవీ రోగిని అడిగి నిర్ణయించేవి కావు. సెంటర్‌లో ఏది అలవాటో అదే నడుస్తుంది. ఆ అలవాట్లలో చాలావాటిని ఏ పెద్ద ట్రయల్‌లోనూ పరీక్షించకుండానే దశాబ్దాలు గడిచిపోయాయి. అందుకే డయాలిసిస్‌లో క్లస్టర్ ట్రయల్స్ రావడాన్ని మేం మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. ఆ క్రమంలో రోగికి చెప్పాల్సిన మాట ఎక్కడ జారిపోతోందన్నదే మా బాధ.

మామూలు ట్రయల్‌లో లాటరీ మనిషికి మనిషికి వేస్తారు. క్లస్టర్ ట్రయల్‌లో సెంటర్లకు వేస్తారు. లాటరీలో ఏ పద్ధతి వస్తే ఆ సెంటర్‌లో అందరికీ అదే పద్ధతి. దీనికి కారణం ఉంది. ఒకే నర్సు నాలుగైదు మెషీన్లు చూసుకుంటున్నప్పుడు ఈ కుర్చీకి ఒక ఉష్ణోగ్రత, పక్క కుర్చీకి ఇంకొకటి అంటే పొరపాట్లు తప్పవు. కొన్నాళ్లకు రెండు పద్ధతులూ కలగలిసిపోయి, దేనివల్ల ఏం జరిగిందో తేలదు.

కానీ ఈ పద్ధతికి మూల్యం ఉంది. ఒక సెంటర్‌లోని రోగులను చూసే డాక్టర్లు వాళ్లే, నర్సులు వాళ్లే, నీళ్లూ అవే. కాబట్టి వాళ్ల ఫలితాలు కొంతవరకు ఒకేలా ఉంటాయి. సెంటర్‌కు 50 మంది చొప్పున ఉన్నారనుకుందాం. వాళ్ల మధ్య ఆ పోలికను కొలిచే అంకె (పోలికే లేకపోతే 0, అందరూ ఒకేలా ఉంటే 1) 0.02 మాత్రమే అనుకున్నా, కావాల్సిన రోగుల సంఖ్య దాదాపు రెట్టింపవుతుంది. వెయ్యి మందిని చేర్చినా, లెక్కలో వాళ్లు సుమారు 500 మందికే సమానం. నాలుగైదు సెంటర్లతో ట్రయల్ పెట్టి సరిపెట్టేవాళ్లను మేం తప్పుపట్టేది ఇందుకే. జవాబు రాదని ముందే తెలిసిన ప్రశ్న కోసం జబ్బు మనిషిని వాడుకోవడం గణాంకాల లోపంతో ఆగదు, అన్యాయం కూడా.

పెద్ద ట్రయల్ అయినంత మాత్రాన జవాబు వస్తుందన్న హామీ కూడా లేదు. అమెరికాలో 266 డయాలిసిస్ సెంటర్లలో, 7,035 మందితో జరిగిన ‘టైమ్’ అనే క్లస్టర్ ట్రయల్ విషయమే చూడండి. విడతను కనీసం నాలుగుంపావు గంటలు చేస్తే మరణాలు తగ్గుతాయా అన్నది ప్రశ్న. తీరా చూస్తే విడత పెంచమన్న సెంటర్లలో సగటున 216 నిమిషాలు, మిగతా సెంటర్లలో 207. తేడా తొమ్మిది నిమిషాలే. ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. సెంటర్‌కు లాటరీ వేయడం తేలిక, ఇంటికి వెళ్లే బండి బయట ఎదురుచూస్తుంటే ఇంకో అరగంట కూర్చోమని రోగిని ఒప్పించడం కష్టం. అయితే అక్కడ రోగులకు సమాచారం ఇచ్చారు, వద్దంటే తప్పుకునే దారి చూపించారు. ఆ పద్ధతి మాకు నచ్చింది.

కెనడాలోని ఒంటారియోలో ద్రవం ఉష్ణోగ్రతపై జరిగిన ‘మైటెంప్’ ట్రయల్‌లో రోగులు ఇంకా ఎక్కువ. 84 సెంటర్లు, 15 వేలకు పైగా రోగులు, 2017 నుంచి 2021 వరకు నాలుగేళ్లు. ద్రవాన్ని ఒంటి వేడి కంటే అర డిగ్రీ నుంచి 0.9 డిగ్రీల వరకు చల్లగా ఉంచితే గుండెకు మేలన్నది అప్పటికి చాలామంది నమ్మకం. చిన్న ట్రయల్స్‌ను చూసి కొన్ని సెంటర్లు అప్పటికే ఆ దారి పట్టాయి. 2022లో ఫలితాలు వచ్చాయి. గుండె జబ్బుతో మరణాల్లో, ఆసుపత్రి చేరికల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. చల్లటి ద్రవం వచ్చిన సెంటర్లలో మాత్రం, చలితో ఇబ్బంది పడ్డామన్న రోగులు ఎక్కువ.

ఈ ట్రయల్‌లో ఒక్కొక్కరి నుంచి విడిగా సమ్మతి తీసుకోలేదు. అది తప్పని మేం అనడం లేదు. ట్రయల్ జరగకపోయి ఉంటే ఆ చలిని మంచిదన్న నమ్మకంతో ఇంకెన్నో సెంటర్లు ఏ సంతకమూ అడక్కుండానే అమలు చేసి ఉండేవి. కానీ రిస్క్ చాలా తక్కువని, పరిశోధనలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ గదిలో తేల్చిన విషయం, కుర్చీలో ఉన్న మనిషికి వారానికి మూడుసార్లు వణుకుగా తెలిసింది. ఆ సంగతి రోగిని అడిగితేనే బయటపడుతుంది.

క్లస్టర్ ట్రయల్స్ నీతిపై 2012లో వచ్చిన ఒట్టావా ప్రకటన ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. సెంటర్ అధిపతి ఇచ్చే అనుమతి రోగి సమ్మతికి బదులు కాదు. సమ్మతి లేకుండా చేయాలంటే రెండు షరతులు: సమ్మతి అడగాల్సి వస్తే ఆ పరిశోధన సాధ్యమే కాకపోవాలి, రిస్క్ కనీస స్థాయి దాటకూడదు. ఆచరణలో మొదటి షరతును ఖర్చు, శ్రమ అనే మాటలతో దాటేసే ప్రమాదం ఉంది. ఎథిక్స్ కమిటీలు అక్కడ గట్టిగా నిలబడాలి.

ఎందుకంటే డయాలిసిస్ రోగి పరిస్థితి వేరు. నచ్చకపోతే లేచి వెళ్లిపోలేరు. రెండు రోజుల్లో మళ్లీ అదే నర్సు దగ్గరికి, అదే మెషీన్‌కు రావాలి. అలాంటి మనిషి ప్రశ్న అడగడానికే జంకుతారు. వద్దనడం ఇంకా దూరం. కాబట్టి సంతకం అక్కర్లేదని తేలిన ట్రయల్‌లోనూ ప్రతి రోగికీ వాళ్ల భాషలో, నోటి మాటగా చెప్పాలి. గోడ మీద పోస్టర్ ఒక్కటే సరిపోదు. చూపు మందగించిన వాళ్లు, చదువు రానివాళ్లు అక్కడ చాలామంది ఉంటారు. తమ సమాచారం వాడొద్దంటే ఆపాలి. సెట్టింగ్ పడడం లేదంటే, ట్రయల్‌కు ఇబ్బందైనా సరే, డాక్టర్ మార్చాలి. ఏది కొలవాలో నిర్ణయించే దశలోనే రోగులను కూర్చోబెట్టుకోవాలి. అప్పుడు చలి, అలసట, ఇంటికి చేరాక పట్టే నిద్ర కూడా మరణాల పక్కన లెక్కలోకి వస్తాయి. ట్రయల్ అయిపోయాక ఫలితం మెడికల్ జర్నల్‌కు వెళ్లిన వారంలోనే, ఆ నాలుగేళ్లూ చలిని భరించిన వాళ్లకు వాళ్ల కుర్చీ దగ్గరే చెప్పాలి.