అడ్డం సీసా గెలవాలంటే

మహారాష్ట్రలో లైసెన్సు ఉన్న మద్యం దుకాణాన్ని ఊరి ఆడవాళ్లు ఓటు వేసి మూయించవచ్చు. బ్యాలెట్ కాగితం మీద రెండు సీసా బొమ్మలుంటాయి. నిలువు సీసాకు వేస్తే దుకాణం ఉంటుంది, అడ్డంగా పడుకోబెట్టిన సీసాకు వేస్తే పోతుంది. 'ఆడవీ బాట్లీ' అని మరాఠీలో అనే ఈ పద్ధతి నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగు ఇళ్లకూ అందుబాటులో ఉన్నదే. అహింసను ఓపిక పట్టి కూర్చోవడం అనుకునేవాళ్లు ఈ ఓటు లెక్క ఒకసారి వేసి చూడాలి.

మహిళా ఓటర్లలో కనీసం 25 శాతం మంది సంతకాలతో అర్జీ ఇవ్వాలి. అధికారులు సంతకాలు సరిచూశాక రహస్య ఓటింగ్ జరుగుతుంది. గెలవాలంటే జాబితాలో ఉన్న మొత్తం మహిళా ఓటర్లలో సగానికి మించి అడ్డం సీసాకు పడాలి. పోలైన వాటిలో సగం చాలదు. 800 మంది ఆడ ఓటర్లున్న ఊరనుకుందాం. 200 సంతకాలు, 401 ఓట్లు కావాలి. 390 మంది వచ్చి ఒక్కరూ తప్పకుండా అడ్డం సీసాకే వేసినా ఓడిపోయినట్టే. ఇంట్లో ఉండిపోయిన ప్రతి మనిషీ దుకాణందారు వైపే లెక్క.

మరి ఎవరు రారు? ఎక్కువగా తాగేవాడి భార్యే. ఆమె రాకపోవడానికి సగం కారణం ఇంట్లో భయం, సగం కారణం మనం. ఆమె భర్తను నలుగురిలో 'తాగుబోతు' అన్నా, మెడలో చెప్పుల దండ వేసినా, ఆ అవమానం ఆమె ఇంటిది కూడా. సీసాలు పగలగొడితే ఇంకా నష్టం. లైసెన్సున్న దుకాణం కాబట్టి కేసు పడుతుంది, సంతకాలు సేకరించాల్సిన ఆడవాళ్లు స్టేషన్ చుట్టూ తిరుగుతారు, దుకాణందారు బాధితుడైపోతాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలోనూ ప్రభుత్వాన్ని వంచినది సారా దుకాణాల వేలంపాటలు జరగనివ్వని ఆడవాళ్ల గుంపులే. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా ఆగింది.

అందుకే సంతకాలకు ముందు సాధన కావాలి. బచత్ గట్ (మహిళల పొదుపు సంఘం) సమావేశం ముగిశాక ఒక పావుగంట చాలు. ఒకరు తాగి అరిచే మగవాడిగా నటించాలి, ఇద్దరు ఆ గుమ్మంలో నిలబడాలి. గొంతు పెంచకూడదు, వెనక్కి తిరిగి తిట్టకూడదు, విషయం వదలకూడదు. మొదటి రోజు అందరూ తడబడతారు. కోపం రాకూడదని కాదు, వచ్చిన కోపాన్ని నోటిదాకా రానివ్వకపోవడం అలవాటు కావాలి. అది ఉపన్యాసం వింటే రాదు, వంటలాగా చేతికి రావాల్సిందే. ఇళ్లకు ఇద్దరిద్దరుగా, ఒకరు ఆ వాడకట్టువాళ్లయ్యేలా, పొద్దున్నే వెళ్లాలి. సాయంత్రం తాగి ఉన్న మనిషితో మాట పెట్టుకోవద్దు.

తెలుగిళ్లలో ఇంకో చిక్కు. అర్జీ మరాఠీలో ఉంటుంది. చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకుంటే, విచారణ రోజున 'ఇది దేనికోసం?' అని అడిగినప్పుడు ఆమె తెల్లబోతుంది, ఆ సంతకం పోతుంది. తెలుగులో మొత్తం చెప్పి, 'వద్దు' అనే వీలిచ్చి, ఆ తర్వాతే కాగితం చూపాలి. పేరు ఓటరు జాబితాలో ఎలా ఉందో అలాగే రాయాలి. 200 అవసరమైతే 260 దాకా సేకరించడం మంచిది. చెరకు నరకడానికి దసరా తర్వాత వెళ్లిన కుటుంబాలు ఉగాది దగ్గరికి గానీ తిరిగి రావు. ఆ నెలల్లో ఓటింగ్ పడితే జాబితాలో పేర్లుంటాయి గానీ మనుషులుండరు.

గెలిచిన మర్నాటి నుంచి పని ఇంకా బరువు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగినవాడు ఒక్కసారిగా మానితే కొన్ని గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు మూర్ఛ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి లేనివి కనిపించవచ్చు. కొందరిలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే అలాంటి ఇళ్ల పేర్లు ముందే రాసి పెట్టుకుని, దుకాణం మూయకముందే వాళ్లను డాక్టరుకు చూపించాలి. రాత్రిపూట పిలిస్తే గ్రామీణ ఆసుపత్రికి వచ్చే బండి ఒకటి మాట్లాడి ఉంచాలి. ఆ బండి ఎక్కించేది నిన్నటిదాకా అతని తిట్లు తిన్న ఆడవాళ్లే కావాలి.