డోలీ మోసేవారి కూలి ఎవరిస్తారు?

కొండల్లో చిక్కుకున్న వారిని కిందికి దించడానికయ్యే ఖర్చును వారి దగ్గరే వసూలు చేయాలన్న మాట మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు జిల్లాల్లోనూ వినిపిస్తోంది. ఆ కోపానికి కారణం లేకపోలేదు. ఒడిశాలోకెల్లా ఎత్తైన దేవమాలి శిఖరానికి (కోరాపుట్ జిల్లా, 1,672 మీటర్లు) అరకు దారిన వచ్చే కుర్రకారులో ఎందరో హవాయి చెప్పులతో, ఒక్క నీళ్ల సీసాతో కొండవాలుల్లోకి దిగిపోతున్నారు. టార్చి ఉండదు, ఫోనులో ఛార్జింగ్ ఉండదు. పొద్దువాలి మంచు కమ్మితే పది అడుగుల అవతల ఏముందో కనిపించదు. శివరాత్రికి గజపతి జిల్లాలోని మహేంద్రగిరి ఎక్కే మన తెలుగు భక్తుల్లోనూ ఈ తెగింపు తక్కువేమీ కాదు.

అయితే ఆ ఖర్చును ఇప్పుడు భరిస్తున్నది ఎవరు? 1999 మహాతుపాను తర్వాత ఏర్పాటైన ఒడిశా విపత్తు సహాయ దళాలు (ఒడ్రాఫ్) గానీ, అగ్నిమాపక సిబ్బంది గానీ కొండ కిందికి చేరేలోగా వెదుకులాటకు బయలుదేరేది పక్క ఊరి సవర, పరజ గిరిజనులు. తమ ఇంటి గర్భిణిని రోడ్డు దాకా మోసే డోలీనే తెస్తారు. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, కాలు విరిగిన పరాయి మనిషిని అందులో పడుకోబెట్టి, భుజాలు మార్చుకుంటూ దిగుతారు. ఆ రోజు పోడు పని పోతుంది, కూలి పోతుంది. ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఇది కనిపించదు.

అలాగని ప్రాణం కాపాడి చేతిలో బిల్లు పెట్టడాన్ని మేము సమర్థించం. వేల రూపాయలు కట్టాల్సి వస్తుందని తెలిస్తే చిక్కుకున్నవాడు అత్యవసర నంబరు 112కు ఫోను చేయడానికి జంకుతాడు. చీకటి పడేదాకా తానే దారి వెదుక్కుంటాడు. మధ్యాహ్నం సులువుగా దొరకాల్సినవాడు అర్ధరాత్రి లోయలో దొరుకుతాడు. కొండల్లో చిక్కుకున్నవారిని కాపాడే అమెరికాలోని మౌంటెన్ రెస్క్యూ అసోసియేషన్ ఈ కారణంతోనే వసూళ్లను వ్యతిరేకిస్తోంది. అక్కడి న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం నిర్లక్ష్యంగా వెళ్లిన వారి నుంచి ఖర్చు రాబట్టే చట్టం చేసింది. తర్వాత ఆ రాష్ట్రమే, ముందుగా ఏడాదికి 25 డాలర్ల కార్డు కొన్నవారికి మినహాయింపు ఇచ్చింది. ఆ సొమ్ము గాలింపు నిధికి చేరుతుంది. కార్డు ఉన్నా బరితెగించిన వారిని మాత్రం వదలదు.

మనకు పనికొచ్చేది ఈ పద్ధతే. కొండ కిందే పేరు, ఫోను నంబరు, తిరిగివచ్చే వేళ రాయించుకుని తలకు కొద్దిపాటి రుసుము తీసుకోవాలి. మూసిన గేటు దాటి, వద్దన్న చోటికి వెళ్లినవారికి జరిమానా వేయాలి, అదీ ఇంటికి క్షేమంగా చేరాక. 2025 ఆగస్టులో కోరాపుట్ జిల్లాలోని దుడుమ జలపాతం వద్ద వీడియో తీస్తూ బరంపురం యువకుడు ప్రవాహంలో కొట్టుకుపోయాడు. అలాంటి చోట్ల నీరు పెరగకముందే సైరన్ మోగాలి. హెచ్చరిక బోర్డులు ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలి. వచ్చేవారిలో మనవాళ్లూ ఎందరో ఉన్నప్పుడు వారు చదవలేని బోర్డు ఎవరిని ఆపుతుంది?

ఆ రుసుము ఖజానాలో కలిసిపోకూడదు. మోసినవారికి వారంలోగా కూలి అందాలి, ఊరి యువకులకు తాళ్లు, స్ట్రెచర్లు, శిక్షణ ఇవ్వాలి. గజపతి, కోరాపుట్ జిల్లాల కలెక్టర్లు శ్రీకాకుళం, అల్లూరి జిల్లాల అధికారులతో కూర్చుని వచ్చే శివరాత్రిలోగా ఈ ఏర్పాటు తేల్చాలి.